భారత్, చైనాలలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులు - సైబరాబాదు

విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి అనగా ఒక దేశానికి చెందిన సంస్థ మరొక దేశంలోని వ్యాపార సంస్థలో, దాని నిర్వహణలో పాలు పంచుకొనే ఉద్దేశంతో, దీర్ఘకాలానికి పెట్టే మూలధనం. ఆంగ్లంలోని పొడి అక్షరాలను బట్టి దీనిని ఎఫ్.డి.ఐ. అని వ్యవహరిస్తారు. ఒక సంస్థ వాటాలలో 10 శాతం గాని అంతకు మించి గాని విదేశీయుల చేతిలో ఉన్నపుడు దానిని ప్రత్యక్ష పెట్టుబడిగాను, అంతకు తక్కువైన షేర్ల కొనుగోలును పోర్ట్‌ఫోలియో పెట్టుబడిగాను పరిగణించడం అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న పద్ధతి.

ఈ పెట్టుబడుల విషయంలో తరచుగా పోల్చబడే రెండు దేశాలు భారత్, చైనా. 1990 దశకం మొదట్లో చైనాకు వచ్చిన పెట్టుబడి భారతదేశానికి వచ్చినదానికి యాభై రెట్లకు పైగా ఉండేది. 2008లోను, 2020లోను అది సుమారు రెండున్నర రెట్లకు తగ్గినది. అయితే ఈ అంకెలు రెండు దేశాలలోని విదేశీ సంస్థల కార్యకలాపాలను ఉన్నదున్నట్లు చూపవు. ఇందుకు హైదరాబాదు నగరానికి పశ్చిమాన ఉన్న హైటెక్ సిటీ, దాని చుట్టూ పెరిగిన సైబరాబాదు ప్రాంతం మంచి ఉదాహరణ. ప్రపంచంలోని పేరుపొందిన సాఫ్ట్‌వేర్ సంస్థలలో అనేకం ఇక్కడ ఉన్నప్పటికీ, పెట్టుబడుల పట్టికలో తెలంగాణ వాటా చాలా చిన్నది.

లెక్కించే పద్ధతి

విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది వాటా మూలధనం, అనగా షేర్ల కోసం బయటి నుండి వచ్చే సొమ్ము. రెండవది, అంతకుముందే ఇక్కడ ఉన్న విదేశీ సంస్థ తన లాభాన్ని స్వదేశానికి పంపక ఇక్కడే ఉంచుకొన్నచో ఆ మొత్తం. దీనిని పునఃపెట్టుబడి అంటారు. ఇందులో సొమ్ము సరిహద్దు దాటి రాదు, అయినను అది వచ్చినట్లుగానే లెక్క వ్రాస్తారు. మూడవది మాతృసంస్థ తన అనుబంధ సంస్థకు ఇచ్చే అప్పు వంటి ఇతర మూలధనం.

భారతదేశం 2000 వరకు ప్రధానంగా వాటా మూలధనాన్ని మాత్రమే లెక్కించేది. చైనా మూడింటినీ కలిపి చూపేది. యంత్రాల రూపంలో వచ్చిన పెట్టుబడిని కూడా అందులో చేర్చేది. కనుక 2000కు ముందరి అంకెలను పక్కపక్కన పెట్టినపుడు చైనా ఉన్నదానికన్న పెద్దదిగాను, భారతదేశం ఉన్నదానికన్న చిన్నదిగాను కనబడతాయి. ఈ లోపాన్ని సరిదిద్దుటకు భారతీయ రిజర్వు బ్యాంకు, కేంద్ర ప్రభుత్వం కలిసి అంతర్జాతీయ ద్రవ్యనిధి నిర్వచనాన్ని స్వీకరించి, 2000-01 ఆర్థిక సంవత్సరం నుండి లెక్కలను సవరించాయి.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. రిజర్వు బ్యాంకు ఏప్రిల్ నుండి మార్చి వరకు గల ఆర్థిక సంవత్సరాన్ని పాటిస్తుంది. ఐక్యరాజ్య సమితికి చెందిన వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్ జనవరి నుండి డిసెంబరు వరకు గల సంవత్సరాన్ని పాటిస్తుంది. పైగా పత్రికలలో మంత్రులు ప్రకటించే అంకె స్థూల పెట్టుబడి. పాత పెట్టుబడిదారులు షేర్లు అమ్ముకొని తీసుకొనిపోయిన సొమ్మును తీసివేసిన తరువాత మిగిలే అంకెను అంక్టాడ్ ఇస్తుంది. ఈ కారణంగా 2023-24లో స్థూల పెట్టుబడి సుమారు 7,100 కోట్ల డాలర్లని రిజర్వు బ్యాంకు చెప్పగా, 2023కు అంక్టాడ్ పట్టికలో సుమారు 2,800 కోట్ల డాలర్లు మాత్రమే కనబడుతుంది. రెండూ సరియైనవే. ఏ అంకెను ఏ అంకెతో పోలుస్తున్నామన్నదే ముఖ్యం.

1991కి పూర్వం

స్వాతంత్ర్యం తరువాత భారతదేశం విదేశీ సాంకేతిక పరిజ్ఞానాన్ని ఆహ్వానించినది గాని, విదేశీ యాజమాన్యాన్ని అంతగా ఆహ్వానించలేదు. హైదరాబాదులోనే ఇందుకు సాక్ష్యాలు ఉన్నాయి. రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం చెకొస్లొవేకియా సహకారంతోను, ఐ.డి.పి.ఎల్. ఔషధ కర్మాగారం సోవియట్ యూనియన్ సహకారంతోను ఏర్పడినవి. ఈ రెండింటిలోను యాజమాన్యం భారత ప్రభుత్వానిదే కనుక ఇవి ప్రత్యక్ష పెట్టుబడి క్రిందకు రావు. ఇంజనీర్లు వచ్చారు, నమూనాలు వచ్చాయి, షేర్లు మాత్రం చేతులు మారలేదు.

1973లో వచ్చిన విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం చాలా రంగాలలో విదేశీ సంస్థలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవలసి వచ్చినది. అందుకు ఇష్టపడక 1977లో కోకాకోలా, 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచి వెళ్ళినవి.

సరిగా అదే సమయంలో చైనా వ్యతిరేక దిశలో నడచినది. 1979లో ఉమ్మడి సంస్థల చట్టాన్ని చేసి, 1980లో షెన్‌జెన్, ఝుహాయ్, షాంటౌ, షియామెన్ నగరాలను ప్రత్యేక ఆర్థిక మండళ్ళుగా ప్రకటించినది. ఐ.బి.ఎం. భారతదేశాన్ని విడిచిన తరువాత రెండేళ్ళకే హాంగ్‌కాంగ్ సరిహద్దున ఉన్న షెన్‌జెన్‌లో విదేశీ కర్మాగారాలకు స్థలం చదును కావడం మొదలైనది. ఆ తరువాతి కాలంలో ఏర్పడిన వ్యత్యాసానికి ఈ పది, పన్నెండేళ్ళ తేడా ఒక ముఖ్య కారణం.

భారతదేశంలో మార్పు 1991 జూలై 24న ప్రకటించిన నూతన పారిశ్రామిక విధానంతో మొదలైనది. అప్పటి ప్రధానమంత్రి, తెలుగువాడైన పి.వి.నరసింహారావు పరిశ్రమల శాఖను కూడా తన వద్దనే ఉంచుకొన్నాడు. 34 ప్రాధాన్య పరిశ్రమలలో 51 శాతం వరకు విదేశీ వాటాకు ముందస్తు అనుమతి అవసరం లేని మార్గం ఏర్పడినది. మిగిలిన ప్రతిపాదనలను పరిశీలించుటకు విదేశీ పెట్టుబడుల ప్రోత్సాహక మండలిని నెలకొల్పారు. ఇది 2017లో రద్దయినది. అదే 1991లో భారత సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడినది. ఉపగ్రహం ద్వారా సమాచార సౌకర్యం, ఎగుమతులపై పన్ను మినహాయింపు ఇచ్చిన ఈ సంస్థ వలననే అమీర్‌పేట మైత్రీవనం ప్రాంతంలో హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఎగుమతులు కాళ్ళూనుకొన్నాయి.

రెండు దేశాల అంకెలు

క్రింది పట్టికలోని విలువలు అంక్టాడ్ లెక్కల ప్రకారం సుమారుగా, కోట్ల అమెరికా డాలర్లలో ఇవ్వబడినవి. చైనా అంకెలలో హాంగ్‌కాంగ్, తైవాన్ చేరలేదు.

| సంవత్సరం | చైనా | భారత్ | చైనా ఎన్ని రెట్లు |
|---|---|---|---|
| 1990 | 349 | 24 | 15 |
| 1993 | 2,750 | 53 | 52 |
| 1995 | 3,750 | 215 | 17 |
| 2000 | 4,070 | 360 | 11 |
| 2005 | 7,240 | 760 | 9.5 |
| 2008 | 10,830 | 4,710 | 2.3 |
| 2010 | 11,470 | 2,740 | 4.2 |
| 2015 | 13,560 | 4,410 | 3.1 |
| 2020 | 14,930 | 6,410 | 2.3 |
| 2024 | 11,600 | 2,760 | 4.2 |

చైనా అంకె 1991-93 మధ్య ఆరు రెట్లు పెరుగుటకు 1992లో డెంగ్ షియావోపింగ్ దక్షిణ ప్రాంతాలలో జరిపిన పర్యటన, దాని తరువాత వచ్చిన విధానాల సడలింపు కారణాలు. 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన తరువాత మరొక అల వచ్చినది. భారతదేశంలో పెద్ద మలుపు 2006లో కనబడుతుంది. 2005లో 760 కోట్ల డాలర్లున్న పెట్టుబడి మరుసటి సంవత్సరం 2,000 కోట్లు దాటినది. 2005లో నిర్మాణ రంగాన్ని విదేశీ పెట్టుబడికి తెరచుట, టెలికాం రంగంలో పరిమితిని 74 శాతానికి పెంచుట, ప్రత్యేక ఆర్థిక మండళ్ళ చట్టం ఇందుకు దోహదం చేసినవి. మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాలలోని అద్దాల భవనాలలో చాలా భాగం ఈ కాలంలోను, దీని తరువాతను లేచినవే.

2020 నాటి అంకెను జాగ్రత్తగా చదవాలి. ప్రపంచమంతటా కోవిడ్ వలన పెట్టుబడులు పడిపోయిన ఆ సంవత్సరంలో భారతదేశపు పెరుగుదలలో గణనీయమైన భాగం ఒకే ఒక్క సంస్థ వాటాల అమ్మకం వలన వచ్చినది. జియో ప్లాట్‌ఫారమ్స్ సంస్థలో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు, గూగుల్ 33,737 కోట్ల రూపాయలు పెట్టాయి.

హైటెక్ సిటీ నిర్మాణం

హైటెక్ సిటీలోని మొదటి భవనమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. అప్పుడు ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు. మాదాపూర్ గ్రామపు బండరాళ్ళ నడుమ ఈ పది అంతస్తుల భవనాన్ని ఎల్ అండ్ టి సంస్థ, రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ కలిసి ఏర్పరచిన ఉమ్మడి కంపెనీ నిర్మించినది. అనగా విదేశీ సంస్థలను రప్పించుటకు కట్టిన ఈ భవనం స్వదేశీ మూలధనంతో కట్టినదే. ఈ విషయం తరువాతి లెక్కలను అర్థం చేసికొనుటకు ఉపయోగపడుతుంది.

అదే 1998లో మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో నెలకొల్పినది. అదే ఏడాది అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థ, 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ గచ్చిబౌలిలో మొదలైనవి. 2001లో ఈ ప్రాంతానికి సైబరాబాదు అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. 2008లో అది హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థలో కలసిపోయినది. 2003లో ఏర్పడిన సైబరాబాదు పోలీసు కమిషనరేటు వలన ఆ పేరు ప్రజల నోళ్ళలో నిలచినది. గూగుల్ 2004లోను, ఫేస్‌బుక్ 2010లోను వచ్చాయి. ఫేస్‌బుక్‌కు భారతదేశంలో ఇదే మొదటి కార్యాలయం. 2016 మే నెలలో ఆపిల్ తన పటాల అభివృద్ధి కేంద్రాన్ని, 2019 ఆగస్టులో అమెజాన్ 15,000 మందికి సరిపడే ప్రాంగణాన్ని ప్రారంభించాయి.

కార్యాలయం, కర్మాగారం

ఇన్ని సంస్థలు వచ్చినను పెట్టుబడి లెక్కలో అవి ఎందుకు పెద్దవిగా కనబడవు అన్నదానికి సమాధానం వాటి పని తీరులో ఉన్నది.

షెన్‌జెన్‌లో ఒక విదేశీ సంస్థ కర్మాగారం పెట్టినపుడు నేల, షెడ్లు, యంత్రాలు, ముడి సరుకు నిల్వ కోసం ముందుగానే పెద్ద మొత్తం తేవాలి. అదంతా వాటా మూలధనంగా నమోదవుతుంది. సైబరాబాదులో ఒక విదేశీ సంస్థ సాఫ్ట్‌వేర్ కేంద్రం పెట్టినపుడు అది సాధారణంగా భవనాన్ని అద్దెకు తీసికొంటుంది. కంప్యూటర్లు, బల్లలు, కుర్చీలు, కొద్ది నెలల జీతాలు తప్ప ముందుగా కావలసినది ఏమీ ఉండదు. ఆ తరువాత మాతృసంస్థ తన అనుబంధ సంస్థకు మూలధనం పంపదు. చేసిన పనికి రుసుము చెల్లిస్తుంది. ఖర్చుపై కొంత శాతం లాభం కలిపి బిల్లు వేసే ఈ పద్ధతిలో వచ్చే సొమ్ము విదేశీ మారక ద్రవ్యమే. కాని అది పెట్టుబడి ఖాతాలో కాక సేవల ఎగుమతి ఖాతాలో చేరుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణను తీసికొనవచ్చును. ఒక విదేశీ సంస్థ 20 కోట్ల రూపాయల మూలధనంతో గచ్చిబౌలిలో అనుబంధ సంస్థను నెలకొల్పి, వెయ్యి మంది ఇంజనీర్లను నియమించినది అనుకొందాం. జీతాలు, అద్దె, విద్యుత్తు కలిపి సంవత్సరానికి ఖర్చు 200 కోట్లు. దానిపై 15 శాతం కలిపి మాతృసంస్థ 230 కోట్లు చెల్లిస్తుంది. లాభం 30 కోట్లు. అందులో నాలుగవ వంతు పన్ను పోగా 22.5 కోట్లు మిగులుతుంది. దానిని ఇక్కడే ఉంచుకొన్నచో అది పునఃపెట్టుబడి అవుతుంది. అనగా మొదటి సంవత్సరం ప్రత్యక్ష పెట్టుబడి 42.5 కోట్లు, రెండవ సంవత్సరం నుండి 22.5 కోట్లు. లాభాన్ని డివిడెండుగా పంపివేసినచో రెండవ సంవత్సరం నుండి సున్న. నగరంలో మాత్రం ప్రతి సంవత్సరం 200 కోట్లు ఖర్చవుతూనే ఉంటాయి. ఇదే వెయ్యి మందికి పని ఇచ్చే కర్మాగారమైనచో మొదటి మూలధనమే ఇంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చును, జీతాల మొత్తం మాత్రం దీనికన్న చాలా తక్కువ ఉండవచ్చును.

దేశం మొత్తం మీద ఈ తేడా ఎంత పెద్దదో నాస్కామ్ అంచనాల వలన తెలుస్తుంది. విదేశీ సంస్థలు తమ సొంత పనుల కోసం నడుపుకొనే ఇట్టి కేంద్రాలను గ్లోబల్ క్యాపబిలిటీ సెంటర్లు అంటున్నారు. 2023-24లో దేశంలో ఇవి 1,700కు పైగా ఉన్నవి. వాటిలో సుమారు 19 లక్షల మంది పనిచేశారు, వాటి ఆదాయం సుమారు 6,460 కోట్ల డాలర్లు. అదే సంవత్సరం దేశానికి అన్ని రంగాలలోను వచ్చిన స్థూల విదేశీ ప్రత్యక్ష పెట్టుబడికి ఇది కొద్దిగా మాత్రమే తక్కువ. రెండు అంకెలు వేర్వేరు రకాలవి కనుక వాటిని కూడరాదు, ఒకదాని బదులు మరొకటి వాడరాదు. అయితే మొదటి అంకెను వదలివేసి, రెండవ అంకెతో మాత్రమే చైనాతో పోల్చినచో విదేశీ సంస్థలకు భారతదేశంతో ఉన్న సంబంధంలో పెద్ద భాగం కంటికి కనబడకుండా పోతుంది.

అట్లని చైనాతో ఉన్న వ్యత్యాసమంతా లెక్కల మాయ కాదు. చైనాలో విదేశీ కర్మాగారాలు కోట్లాది మంది గ్రామీణ యువతకు, అందులోను అంతగా చదువుకోని వారికి పని కల్పించాయి. 2000 దశకం మధ్యలో చైనా ఎగుమతులలో సగానికి పైగా విదేశీ మూలధనం గల సంస్థల నుండే జరిగేవి. సైబరాబాదు కార్యాలయాలు ప్రధానంగా ఇంజనీరింగు పట్టభద్రులకు పని ఇచ్చాయి. కాపలాదారులు, క్యాబ్ డ్రైవర్లు, క్యాంటీను పనివారు, భవన నిర్మాణ కూలీలకు కూడా ఉపాధి దొరికినది గాని, అది అనుబంధ ఉపాధి మాత్రమే. పాలమూరు నుండి వలస వచ్చిన కూలీకి హైటెక్ సిటీలో దొరికిన పని అక్కడి భవనం పూర్తి కాగానే ముగిసేది. షెన్‌జెన్‌కు వలస వచ్చిన యువతికి యంత్రం దగ్గర పని దొరికేది. పెట్టుబడి పరిమాణం కన్న దాని స్వభావం ఎవరి జీవితాలను మార్చినది అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

రాష్ట్రాల వారీ లెక్కలు

2019 వరకు కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల వారీగా కాక రిజర్వు బ్యాంకు ప్రాంతీయ కార్యాలయాల వారీగా పెట్టుబడుల లెక్కలు ప్రకటించేది. హైదరాబాదు కార్యాలయం క్రింద ఆంధ్ర ప్రదేశ్ అంతా ఉండేది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కూడా తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్‌లకు ఒకే అంకె వచ్చేది. 2019 అక్టోబరు నుండి రాష్ట్రాలకు వేరువేరుగా ఇస్తున్నారు. ఈ రాష్ట్రాల పట్టికలో వాటా మూలధనం మాత్రమే ఉంటుంది, పునఃపెట్టుబడి ఉండదు. కనుక పై ఉదాహరణలోని సంస్థ రాష్ట్ర లెక్కలో మొదటి సంవత్సరం 20 కోట్లుగా కనబడి, తరువాత అదృశ్యమవుతుంది.

ఈ ప్రభావం అంకెలలో స్పష్టంగా ఉన్నది. 2022-23లో తెలంగాణకు వచ్చిన వాటా మూలధనం సుమారు 130 కోట్ల డాలర్లు, అనగా పది వేల కోట్ల రూపాయలకు కొంచెం ఎక్కువ. అదే సంవత్సరం రాష్ట్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం సమాచార సాంకేతిక ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలు, ఆ రంగంలో ఉద్యోగులు 9.05 లక్షల మంది. 2013-14లో ఈ ఎగుమతులు 57,258 కోట్లు, ఉద్యోగులు 3.23 లక్షలు. ఈ మొత్తంలో టి.సి.ఎస్., ఇన్ఫోసిస్ వంటి స్వదేశీ సంస్థల భాగం కూడా ఉన్నదని గుర్తుంచుకోవాలి. 2023-24లో రాష్ట్రానికి వచ్చిన వాటా మూలధనం సుమారు 300 కోట్ల డాలర్లకు పెరిగినది. ఆ సంవత్సరం మహారాష్ట్రకు వచ్చినది దానికి అయిదు రెట్లు.

సంస్థ ఎక్కడ నమోదైనది అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. 2020-21లో దేశానికి వచ్చిన వాటా మూలధనంలో 37 శాతంతో గుజరాత్ మొదటి స్థానంలో నిలచినది. అందులో అత్యధిక భాగం కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్ రంగానిది. అహమ్మదాబాదులో ఒక్కసారిగా సాఫ్ట్‌వేర్ నగరం వెలసినందువలన ఇది జరగలేదు. జియో ప్లాట్‌ఫారమ్స్ నమోదిత కార్యాలయం ఆ నగరంలో ఉన్నది. ఫేస్‌బుక్ తన మొదటి భారతీయ కార్యాలయాన్ని హైదరాబాదులో తెరచి పదేళ్ళయినప్పటికీ, ఆ సంస్థ దేశంలో పెట్టిన అతి పెద్ద పెట్టుబడి గుజరాత్ ఖాతాలో పడినది.

మారిషస్, హాంగ్‌కాంగ్

పెట్టుబడి ఏ దేశం నుండి వచ్చినది అన్న పట్టిక ఇంకా తికమకగా ఉంటుంది. 2000 ఏప్రిల్ నుండి 2016 మార్చి వరకు భారతదేశానికి వచ్చిన వాటా మూలధనంలో సుమారు మూడవ వంతు మారిషస్ నుండి వచ్చినది. హైదరాబాదు నగర జనాభాలో చిన్న భాగమంత ప్రజలున్న ఆ ద్వీపానికి అంత సంపద లేదు. 1980 దశకం మొదట్లో కుదిరిన ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ప్రకారం, మారిషస్‌లో నమోదైన సంస్థ భారతదేశంలో షేర్లు అమ్మి పొందిన లాభంపై ఇక్కడ పన్ను ఉండేది కాదు. కనుక అమెరికా, ఐరోపా సంస్థలు ఆ దారిన వచ్చేవి. 2016 మేలో ఒప్పందాన్ని సవరించారు. 2017 ఏప్రిల్ నుండి కొన్న షేర్లకు ఈ మినహాయింపు లేదు. ఆ తరువాత సింగపూరు ముందుకు వచ్చినది.

చైనాకు ఇట్టి ద్వారం హాంగ్‌కాంగ్. అక్కడి నుండి వచ్చే పెట్టుబడి చాలా కాలంగా చైనా మొత్తంలో సగానికి అటూ ఇటూగా ఉండి, ఇటీవల సగాన్ని బాగా మించినది. ఇందులో కొంత భాగం చైనా సొమ్మే. చైనా వ్యాపారులు సొమ్మును హాంగ్‌కాంగ్‌కు పంపి, విదేశీ పెట్టుబడి వేషంలో వెనుకకు తెచ్చుకొనేవారు. ప్రత్యేక మండళ్ళలో విదేశీ సంస్థలకు ఆదాయపు పన్ను 15 శాతమే ఉండడం, మొదటి రెండు లాభ సంవత్సరాలు పన్ను లేకపోవడం, తరువాత మూడు సంవత్సరాలు సగమే ఉండడం ఇందుకు ఆకర్షణలు. 2008 జనవరి 1 నుండి స్వదేశీ, విదేశీ సంస్థలన్నిటికి 25 శాతం పన్ను సమానంగా వర్తింపజేశారు. ఈ ప్రదక్షిణ సొమ్ము ఎంత అన్నదానిపై ఆర్థికవేత్తలలో ఏకాభిప్రాయం లేదు గాని, దానిని తీసివేయకుండా చేసిన పోలిక సరియైనది కాదన్నదానిపై ఏకాభిప్రాయం ఉన్నది.

స్వాధీనం, దుకాణం

ప్రత్యక్ష పెట్టుబడి అంతా కొత్త సంస్థలను నెలకొల్పదు. ఉన్న సంస్థను కొనుటకు వచ్చిన సొమ్ము కూడా అదే పద్దులో చేరుతుంది. హైదరాబాదు ఔషధ రంగంలో ఇట్టివి కొన్ని జరిగినవి. 2006లో అమెరికాకు చెందిన మైలాన్ సంస్థ హైదరాబాదు సంస్థ మాట్రిక్స్ లేబొరేటరీస్‌లో అధిక వాటా కొనుటకు ఒప్పందం చేసికొన్నది. దాని విలువ సుమారు 73.6 కోట్ల డాలర్లు. ఆనాటి హైటెక్ సిటీ కార్యాలయాలలో చాలావాటి మూలధనం కన్న ఈ ఒక్క కొనుగోలు పెద్దది. అయినను దీని వలన కొనుగోలు నాడు కొత్త కర్మాగారం ఏదీ లేవలేదు, సొమ్ము షేర్లు అమ్మినవారికి చేరినది.

దీనికి భిన్నమైనది స్వీడన్‌లో పుట్టిన ఐకియా దుకాణం. ఒకే బ్రాండు వస్తువులు అమ్మే దుకాణాలలో నూరు శాతం విదేశీ వాటాను భారతదేశం 2012లో అనుమతించినది. వాటా 51 శాతం మించినచో సరుకులో 30 శాతం విలువ మేరకు దేశంలోనే కొనవలెనన్న నిబంధన పెట్టినది. ఐకియా భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో తెరచినది. సుమారు నాలుగు లక్షల చదరపు అడుగుల ఈ భవనం కోసం దాదాపు 1,000 కోట్ల రూపాయలు వెచ్చించినది. చైనాలో ఇదే సంస్థ మొదటి దుకాణం షాంఘైలో 1998లో, అనగా సైబర్ టవర్స్ ప్రారంభమైన సంవత్సరమే తెరచుకొన్నది. రెండు దేశాల విధానాల మధ్య ఉన్న కాలవ్యవధిని ఒకే సంస్థ ద్వారా కొలచుటకు ఇంతకన్న తేలికైన ఉదాహరణ దొరకదు.

ఇటీవలి మార్పులు

2022 తరువాత చైనాకు వచ్చే పెట్టుబడి తగ్గుముఖం పట్టినది. అక్కడి వాణిజ్య మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2024లో వాడుకలోకి వచ్చిన విదేశీ మూలధనం యువానులలో సుమారు 27 శాతం పడిపోయినది. అమెరికాతో వాణిజ్య వివాదాలు, కోవిడ్ ఆంక్షలు, స్థిరాస్తి రంగపు మందగమనం ఇందుకు చెప్పబడే కారణాలు. చైనా కోల్పోయినదంతా భారతదేశానికి వచ్చినదని అనుకొనుటకు అంకెలు సహకరించవు. 2024-25లో భారతదేశానికి స్థూలంగా సుమారు 8,100 కోట్ల డాలర్లు రాగా, పాత పెట్టుబడిదారులు అయిదు వేల కోట్లకు పైగా వెనుకకు తీసికొనిపోయారు, భారతీయ సంస్థలు విదేశాలలో పెట్టినది కూడా తీసివేసినచో నికరంగా మిగిలినది నూరు కోట్ల డాలర్ల లోపే. స్టాక్ మార్కెట్ ధరలు ఎక్కువగా ఉండడంతో విదేశీ సంస్థలు తమ వాటాలను అమ్మి లాభం తీసికొనుట ఇందుకు ముఖ్య కారణం. లాభంతో బయటికి పోగలగడం కూడా కొత్త పెట్టుబడిదారుకు ఒక ఆకర్షణే అని రిజర్వు బ్యాంకు వాదన. అయితే నికర అంకె ఇంత చిన్నదైనపుడు దిగుమతుల లోటు పూడ్చుకొనుటకు పెట్టుబడిపై ఆధారపడడం కష్టమవుతుంది.

హైదరాబాదులో చైనా పెట్టుబడులు

పోల్చబడే ఈ రెండు దేశాలు ఒకదానిలో ఒకటి పెట్టుబడి పెట్టుట తక్కువే. ఉన్నవాటిలో పెద్దది హైదరాబాదులో జరిగినది. షాంఘై కేంద్రంగా గల ఫోసన్ ఫార్మా 2016లో హైదరాబాదు ఔషధ సంస్థ గ్లాండ్ ఫార్మాలో 86 శాతం వాటాను సుమారు 126 కోట్ల డాలర్లకు కొనుటకు ఒప్పుకొన్నది. ఉన్న ఔషధ సంస్థలలో 74 శాతానికి మించిన విదేశీ వాటాకు కేంద్రం అనుమతి కావలెను. అది లభించకపోవుటచే వాటాను 74 శాతానికి తగ్గించుకొని, 2017 అక్టోబరులో సుమారు 109 కోట్ల డాలర్లకు కొనుగోలు పూర్తి చేసినది. షేర్లు అమ్మినవారిలో అమెరికాకు చెందిన కె.కె.ఆర్. కూడా ఉన్నది. కనుక లోనికి వచ్చిన చైనా సొమ్ములో కొంత భాగం అమెరికా సంస్థకు చేరినది. 2019 ఆగస్టులో షెన్‌జెన్‌కు చెందిన వన్‌ప్లస్ తన పరిశోధన కేంద్రాన్ని నానక్‌రాంగూడలో తెరచి, మూడేళ్ళలో 1,000 కోట్ల రూపాయలు పెడతామని ప్రకటించినది.

2020 ఏప్రిల్ 17న కేంద్ర ప్రభుత్వం భూ సరిహద్దు గల దేశాల నుండి వచ్చే ప్రతి పెట్టుబడికి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసినది. కోవిడ్ సమయంలో ధర పడిపోయిన భారతీయ సంస్థలను ఇతరులు చవకగా కొనకుండా చూచుట అప్పుడు చెప్పిన ఉద్దేశం. ఆ ఏడాది జూన్‌లో గాల్వాన్ లోయలో జరిగిన ఘర్షణ తరువాత ఈ నిబంధన మరింత కఠినంగా అమలైనది. విద్యుత్ కార్ల తయారీ సంస్థ బి.వై.డి. హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థతో కలసి నూరు కోట్ల డాలర్లతో కర్మాగారం పెడతామని చేసిన ప్రతిపాదనను కేంద్రం 2023 జూలైలో తిరస్కరించినట్లు పత్రికలలో వచ్చినది.

అంతకు రెండు నెలల ముందు, అదే సంవత్సరం మే నెలలో, రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది. తైవాన్‌కు చెందిన ఈ సంస్థ చైనాలో తన మొదటి కర్మాగారాన్ని 1988లో షెన్‌జెన్‌లో పెట్టినది. కొంగరకలాన్‌కు దాని మూలధనం సింగపూరులోని అనుబంధ సంస్థ ద్వారా వస్తున్నది. దేశాల వారీ పట్టికలో అది సింగపూరు పెట్టుబడి.